పాత నీటిబండి యింజనులో లోపమును వెదకు క్రమము



నేడు నేను మాటలాడబోవు విషయమును విని మీలో కొందఱు నవ్వుకొందురేమో. జెట్ స్కీ యను నీటిబండి మన యూరి చెరువులో తిరుగునది కాదు. విశాఖపట్టణమున ఋషికొండ తీరమునకు విహారార్థము పోయినవారు డబ్బిచ్చి కొంతసేపు ఎక్కుటయే తప్ప, దానితో మనకు పొత్తు తక్కువ. అయినను దీనిని మీతోనే చెప్పవలెనని నాకు తోచుటకు రెండు కారణములు కలవు. మీలో అనేకుల బిడ్డలు అమెరికాలో నున్నారు. వేసవిలో వారి యింట కొన్ని నెలలు గడపి వచ్చెడి తల్లిదండ్రులు ఇప్పుడు పెక్కు గ్రామములందు కనబడుచున్నారు. అక్కడ సరస్సుల యొడ్డున నున్న యిండ్లలో ఇట్టి పాతబండి యొకటి షెడ్డులో పడియుండుట అరుదు కాదు. ఇది యొక కారణము. ఇక రెండవది, ఆ బండిలోని యింజను మీకు క్రొత్తది కాదు. బజాజు చేతకు స్కూటరును, లూనాను, రాజదూతును నడపినవారు మీలో నెందఱో కలరు. పెట్రోలులో ఆయిలు కలిపించుకొని, ఉదయమున స్కూటరును ఒక ప్రక్కకు వంచి, పిమ్మట కిక్కు కొట్టినవారే మీరు. ఆ టూస్ట్రోకు ఇంజనే రెండు సిలిండర్లతో నీటిబండి కడుపులో కూర్చున్నది.

నేను గోదావరి యొడ్డున నొక పట్టణమున ముప్పదియైదు సంవత్సరములు స్కూటర్లను బాగుచేసి జీవించినవాడను. పుస్తకజ్ఞానము కంటె చేతిజ్ఞానము నాకు ఎక్కువ. కనుక మాటలలో మొరటుదన మున్న మన్నింపుడు.

ముందుగా బండినిగూర్చి కొంచెము. 1968లో కెనడా దేశపు బొంబార్డియరు కంపెనీ సీడూ అను పేర నిట్టి బండిని అమ్మజూపెను గాని అది సాగలేదు. 1973లో జపానువారి కవసాకి కంపెనీ, నిలువబడి నడపెడి బండిని జెట్ స్కీ యను పేర తెచ్చెను. క్లేటన్ జాకబ్సన్ అను అమెరికా దేశపు మోటారుసైకిలు పందెగాడు ఈ ఊహకు మూలపురుషుడు. 1988లో సీడూ మరల వచ్చెను. జెట్ స్కీ యనునది నిజమునకు ఒక కంపెనీ పెట్టుకొన్న పేరు. అయినను, మనము వనస్పతి నంతటిని డాల్డా యన్నట్లు, జనులు అన్ని బండ్లను ఆ పేరుతోనే పిలుచుచున్నారు. దీనికి వెలుపల రెక్కలు లేవు. అడుగున నున్న గొట్టములో రెక్కలచక్రము తిరుగుచు క్రింది నీటిని పీల్చి వెనుకకు చిమ్మును. ఆ చిమ్ముటచేతనే బండి ముందునకు దూకును. 1996లో అమెరికా ప్రభుత్వము పడవ యింజనుల పొగపై నిబంధనలు చేసిన పిమ్మట కార్బురేటరు గల టూస్ట్రోకు బండ్ల తయారీ క్రమముగా తగ్గిపోయెను. కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల నడుమనున్న టాహో సరస్సులో 1999 జూను 1 నుండి అట్టి బండ్లు నిషిద్ధములు. కాని 1990 దశకమున తయారైన బండ్లు ఇతర సరస్సులందు నేటికిని తిరుగుచున్నవి, చౌకగా చేతులు మారుచున్నవి. నేను చెప్పునది వానినిగూర్చియే.

మా తమ్ముని కుమారుడు మిచిగను రాష్ట్రమున నొక చిన్న సరస్సు ప్రక్కన కాపురమున్నాడు. మూడేండ్ల క్రిందటి వేసవిలో నేనును నా భార్యయు అతని యింట నుంటిమి. అంతకు కొన్ని వారముల ముందే అతడొక పాతబండిని కొనెను. కొన్ననాడు అది సరిగా స్టార్టు కాలేదట. సమీపమున నున్న యొక మరమ్మతుశాలకు తీసికొనిపోగా, వారు రెండు కార్బురేటర్లను విప్పి కడిగి, లోపల క్రొత్త పొరలు వేసి, సొమ్ము పుచ్చుకొని బండిని తిరిగి యిచ్చిరి. రెండు వారములు చక్కగా నడచెను. తరువాత పూర్తి రేసులో కొంచెము నీరసించుచున్నదని అతడే భోజనమువేళ నాతో చెప్పెను. నేను విని యూరకుంటిని. నాది కాని దేశమున, నాది కాని బండిలో చేయి పెట్టుట యెందుకని తలచితిని. ఆ యూరకుండుట నన్ను నేటికిని ముల్లువలె గ్రుచ్చుచున్నది.

ఒక ఆదివారము అతడు పదేండ్ల కుమారుని వెనుక కూర్చుండబెట్టుకొని సరస్సులోనికి పోయెను. ఒడ్డునకు అరమైలు దూరమున, పూర్తి రేసులో పోవుచుండగా, ఇంజను ఒక్క క్షణము మునుపెన్నడు లేనంత చుఱుకుగా కూసి టక్కున ఆగిపోయినది. మీట నొక్కిన ‘టక్’ మను శబ్దమే కాని ఇంజను తిరుగలేదు. ఇంతలో గాలి లేచెను. ఒడ్డుననున్న మాకు ఎఱ్ఱని చుక్కవలె బండి కనబడుచు, కెరటముల చాటున మాయమగుచు నుండెను. ఇద్దఱును తేలుడుచొక్కాలు తొడిగికొని యుండిరి, అది మా పుణ్యము. చేపలు పట్టువా డొకడు తన చిన్నపడవకు త్రాడు కట్టి, గంటన్నరకు వారిని ఒడ్డు చేర్చెను. అతడు తెలిసినవాడు, మెల్లగా లాగెను. ఇట్టి బండిని త్రాటితో వేగముగా లాగినచో, చల్లబఱచుటకై యున్న నీటిగొట్టము ద్వారా నీరు ఇంజనులోనికి ఎక్కి పాడుచేయును. పిల్లవాడు వణకుచు దిగి, వాళ్ళ నాయనమ్మను (నా భార్యను అతడట్లే పిలుచును) కౌగిలించుకొని చాలసేపు వదలలేదు.

మఱునాడు మా కుఱ్ఱవాడు, “పెదనాన్నా, కార్బురేటరు మొన్ననే కడిగించితిని గదా. ఇది పిస్టను దోషమై యుండును. క్రొత్త పిస్టను తెప్పించెదను” అనెను. పిస్టను చెడిన మాట నిజమే కావచ్చును. కాని పిస్టను తనంతట తాను చెడదు. దానిని చంపినది యెవరో తెలియక క్రొత్తది వేసినచో, క్రొత్తదియు అదే చావు చచ్చును. కొట్టులో నేను ఈ తప్పును చేసినవాడనే కనుక గట్టిగా చెప్పగలిగితిని.

ఇక్కడ టూస్ట్రోకు ఇంజను స్వభావమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పెట్రోలు తక్కువైన పొయ్యి చల్లారును గదా, ఇంజను మాత్రము ఏల కాలిపోవును అని మీ రడుగవచ్చును. ఇందు పెట్రోలు మండుటయే కాక మఱియొక పనియు చేయుచున్నది. అది క్రాంకుకేసులో నుండి పోవుచు, ఆవిరియగునప్పుడు అచ్చటి వేడిని పీల్చి పిస్టనును చల్లబఱచును. ఆయిలును పెట్రోలులోనే కలిపెడి బండిలో, పెట్రోలు తగ్గిన ఆయిలును తగ్గును. అనగా చల్లదనము, జిగి రెండును ఒక్కమాటే పోవును. ఆయిలు పంపు వేఱుగానున్న బండ్లలో జిగి కొంత నిలుచును గాని వేడి తప్పదు. శుద్ధమైన అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. పిస్టను చేసిన మిశ్రమలోహము అంతకంటె ముందే మెత్తబడును. వేడికి పిస్టను ఉబ్బి సిలిండరు గోడను పట్టుకొనును. దానినే మనము సీజగుట యందుము.

విచిత్ర మేమనగా, చచ్చుటకు ముందు ఇంజను మిక్కిలి ఉత్సాహముగా నుండును. పెట్రోలు కొంచెము తగ్గినపుడు కూత చుఱుకెక్కును, నడపువాడు సంతోషించును. రెండు సిలిండర్లకు రెండు కార్బురేటర్లున్న బండిలో ఇంకొక మోసము కలదు. ఒకదానికి పెట్రోలు చాలకపోయినను రెండవది బండిని లాగుచునే యుండును. నీరసించినదని నడపువాడు ఇంకను రేసు పెంచును. ఆకలిగొన్న ఎద్దును చర్నాకోలతో కొట్టినట్లగును.

స్కూటరు కార్బురేటరునకును దీనికిని ఒక ముఖ్యభేదము కలదు. స్కూటరులో పెట్రోలు నిలుచు చిన్నగిన్నె, అందొక తేలెడి బుడ్డి యుండును. నీటిబండి తలక్రిందులగుట నిత్యకృత్యము కనుక గిన్నె పనికిరాదు. దానికి మాఱుగా డోలుచర్మమువంటి పలుచని పొర నొకదానిని బిగింతురు. ఇంజను పీల్చినపుడు ఆ పొర లోపలికి వంగి చిన్నమీటను నొక్కును. మీట సూదిని లేపును, సూదిసందున పెట్రోలు వచ్చును. పీల్చుట తగ్గిన స్ప్రింగు సూదిని మరల మూయును. పెట్రోలును ట్యాంకునుండి తెచ్చు పంపుకూడ ఇట్టి పొరయే. పిస్టను పైకి క్రిందికి ఆడునపుడు క్రాంకుకేసులోని గాలి గుండెవలె కొట్టుకొనును. ఆ కొట్టుకొనుటను సన్నని గొట్టముతో పంపునకు తెచ్చి పనిచేయింతురు. ఆ సన్నగొట్టము పగిలినను, ఊడినను పంపు ఆగును. పంపు మూతక్రింద, కార్బురేటరు లోపలనే, వ్రేలిగోరంత జల్లెడ యొకటి కలదు. చాలమందికి అది యున్నదని తెలియదు. మా కథలో దొంగ అక్కడనే దాగియుండెను.

దొంగను పట్టుటకు ముందు ఒక జాగ్రత్త. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. తెప్పవలె మూసియున్న ఈ బండి కడుపులో అది అడుగున చేరి నిలుచును. కనుక సీటును తీసి, గాలి బాగుగా ఆడనిచ్చి, వాసన లేదని తెలిసికొన్న తరువాతనే మీట నొక్కవలెను. బీడీ దూరముగా నుంచవలెను. తలుపు మూసిన షెడ్డులో ఇంజనును నడపరాదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కలదు, అది మనుష్యుని నిద్రలోవలె చంపును.

మొదట కంప్రెషను చూచితిమి. రెండు ప్లగ్గులను తీసి, వాని తీగలను ఇంజను లోహమునకు తగిలించి (ఇట్లు చేయనిచో స్పార్కుపెట్టె చెడవచ్చును, ఆవిరియు అంటుకొనవచ్చును), గేజిని బిగించి, రేసును పూర్తిగా తెఱచి స్టార్టరుతో త్రిప్పవలెను. చల్లారిన పిమ్మట మా యింజను తిరిగెను. ఇట్టి బండ్లలో పెక్కింటికి చదరపు అంగుళమునకు 120 మొదలు 150 పౌనుల వఱకు వచ్చిన మంచిది. రెండు సిలిండర్ల నడుమ నూటికి పదిపాళ్ళకు మించి భేద ముండరాదు. మాకు ముందుదానిలో 140, వెనుకదానిలో 60 వచ్చెను. కంప్రెషను లేని యింజనుకు కార్బురేటరును ఎన్నిమారులు కడిగినను ప్రయోజనము లేదు. కావుననే ఈ పరీక్ష ముందు చేయవలెను. అయిదు నిమిషముల పని, అయిదు దినముల శ్రమను తప్పించును.

ప్లగ్గులనుగూర్చి మీకు చెప్పనక్కఱలేదు. ముందు ప్లగ్గు ఇటుకపొడి రంగున నుండెను. వెనుకది సున్నమువలె తెల్లబడి యుండెను. తెలుపనగా ఆకలి. నల్లగా తడిసియున్న పెట్రోలు మించినదనియో, స్పార్కు లేదనియో అర్థము. స్పార్కు చూచునపుడు బ్యాటరీని మఱువరాదు. నీరసపు బ్యాటరీ యింజనును మెల్లగా త్రిప్పును, మెల్లగా తిరిగిన యింజను స్టార్టు కాదు, నింద మాత్రము కార్బురేటరుపై పడును. నడపువాని చేతికి కట్టుకొనెడి త్రాడు, అతడు నీట పడిన ఇంజను ఆగుటకై యేర్పఱచినది, బండికి తగిలింపక గంటసేపు మీట నొక్కినవారిని నేను చూచితిని. వారిలో నే నొకడను.

సిలిండరు తల విప్పగా వెనుక పిస్టను, పొగ పోవు ప్రక్కన నిలువుగా గీరుకొనిపోయి, రింగు లోహములో అతుకుకొని యుండెను. ఆకలిచావునకు అది గుర్తు. ఇక పెట్రోలు దారిని పట్టుకొని ట్యాంకునుండి నడచితిమి. కాలువలో నీరు చాలని రైతు తన మడినుండి పైకి నడచునా, తూమునుండి క్రిందికి వచ్చునా? తూమునుండి వచ్చుట మేలు. ట్యాంకు మూతను వదులుచేసి నడపినపుడు బండి బాగుపడిన, గాలి పోవు రంధ్రము మూసికొన్నదని తెలియును. ట్యాపును రిజర్వునకు త్రిప్పినపుడు బాగుపడిన, ట్యాంకులోని పైపీల్పుడు గొట్టము అడ్డగింపబడినది. పీల్చుదారిలో సన్నని బెజ్జమున్నచో పెట్రోలు కాఱదు. గాలియే లోపలికి పోవును. కనుక పెట్రోలు మరక లేనంత మాత్రమున గొట్టము మంచిదని నమ్మరాదు. దారిలో నీటిని విడదీయు గాజుగిన్నె యుండును, దానిలో నీరున్నదేమో చూడవలెను. ఇవన్నియు మాకు బాగుగానే యుండెను.

వెనుక కార్బురేటరును విప్పి ఆ గోరంత జల్లెడను తీసితిమి. దానిపై పచ్చని జిగురు, నాచువలె, కప్పియుండెను. మా కుఱ్ఱవాడు నివ్వెఱపోయి, “దీనిని రెండు నెలల క్రిందటనే కడిగిరి గదా!” అనెను. కడిగినమాట అబద్ధము కాదు. నేను ట్యాంకునుండి వచ్చు బూడిదరంగు గొట్టమును జానెడు కోసి, నిలువున చీల్చి చూపితిని. లోపలిగోడ పొడవునను అదే పచ్చని జిగురు. 1990 దశకపు బండ్లలో కొన్నిటికి వేసిన ఈ బూడిదరంగు గొట్టములు, ఏండ్లతరబడి పెట్రోలు తగులుటచే లోపల కరగి జిగురై కాఱునని ఆ బండ్లు బాగుచేయువారిలో అనుభవజ్ఞులకెల్ల తెలియును. వెలుపల చూచిన గొట్టము పదిలముగానే యుండును. మరమ్మతుశాలవారు రోగి కడుపును కడిగిరి గాని, విషము పోయుచున్న చేతిని పట్టుకొనలేదు. వారిని తిట్టుటకు నాకు నోరు రాలేదు. రేపు వచ్చి యెత్తుకొనిపోవలెనని తొందరపెట్టు ఆసామి నిలుచుండగా నేనును అట్లు చేసిన దినములు కలవు.

బూడిదగొట్టములనన్నిటిని, తెచ్చునది, తిరిగి పంపునది, గాలిదారి, ఒక్కటియు మిగులకుండ తీసి, పెట్రోలుకై చేసిన నల్లరబ్బరు గొట్టములు వేసితిమి. ట్యాపులోపలను జిగురుండెను. దానిని మార్చితిమి. రెండు కార్బురేటర్లను మరల విప్పితిమి. సన్నని రంధ్రములను ఊది శుభ్రపఱచవలెను గాని తీగతో పొడువరాదు, రంధ్రము పెద్దదైన కొలత పోవును. సూది సరిగా మూసికొనుచున్నదో లేదో చిన్న చేతిపంపుతోను గేజితోను చూడవచ్చును. ఒత్తిడి పెంచుచు పోగా, ఆ బండి పుస్తకమున చెప్పిన అంకెవద్ద సూది లేవవలెను. దానికి లోపల ఒత్తిడి చుక్కయు తగ్గక నిలువవలెను. నిలువనిచో సూదియు పీటయు మార్చవలసినదే. సూదిపై స్ప్రింగును సాగదీసి సరిపెట్టుట కొందఱి యలవాటు. అది నాకు సమ్మతము కాదు.

ఇంకొక శత్రువు కలదు. దానిని వెదకక ఇంజనును మూయరాదు. అది దొంగగాలి. క్రాంకుషాఫ్టు చివరల నుండు సీలుగాని, కార్బురేటరు క్రింది గ్యాస్కెట్టుగాని చెడినచో, కార్బురేటరునకు తెలియకుండ గాలి లోపలికి చేరును. పెట్రోలు సరిగానే వచ్చుచున్నను గాలి హెచ్చుటచే ఇంజను ఆకలిగొనును. రేసు వదలినను ఇంజను కూత దిగకపోవుట దీని గుర్తు. చాలయేండ్ల క్రిందట మా కొట్టునకు ఒక స్కూలుమాష్టరుగారు ఇట్టి స్కూటరును తెచ్చిరి. నేను జెట్టు మార్చితిని, పదిదినములకు తిరిగివచ్చిరి. కార్బురేటరునే మార్చితిని, మరల వచ్చిరి. మూడవమారు పిస్టను పట్టుకొని, బోరు చేయింపవలసివచ్చినది. విప్పిచూడగా క్రాంకుసీలు అంచు చిరిగియున్నది. అది స్వల్పమైన వెల గల రబ్బరుచుట్టు. బోరుసొమ్ము ఆయనయొద్ద పుచ్చుకొనుటకు నాకు ముఖము చెల్లలేదు. అప్పటినుండి పీల్చుదారిని, పొగదారిని మూసి, లోనికి 5, 6 పౌనుల ఒత్తిడితో గాలి పంపి, అతుకులన్నిటిపై సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూచుట నేర్చుకొంటిని. మా నీటిబండికి క్రొత్త పిస్టను బిగించిన తరువాత ఈ పరీక్షయు చేసితిమి. బుడగ రాలేదు.

బండి నడకనుబట్టి లోపమును ఊహించుటయు కొంత సాధ్యమే. సిలిండరులో చెంచాడు పెట్రోలు పోసినపుడు స్టార్టయి వెంటనే ఆగిన, స్పార్కు బాగున్నది, పెట్రోలు రాకున్నది. మెల్లగా బాగుండి, రేసు తెఱవగానే గొంతు పట్టినట్లైన, తక్కువ రేసు దారిలోని సన్నరంధ్రమును అనుమానింపవలెను. మెల్లగా బాగుండి పూర్తి రేసులో నీరసించిన, పెట్రోలు చాలినంత రాకున్నది. అప్పుడు జల్లెడ, ట్యాపు, పంపు చూడవలెను. నీరసించినపుడు చోకును కొంచెము లాగిచూచుట మంచి పరీక్ష. బాగుపడిన పెట్రోలు తక్కువ, ఇంకను చెడిన పెట్రోలు ఎక్కువ. ఇంజను గట్టిగా కూయుచున్నను బండి ముందునకు పోకున్నచో, దోషము ఇంజనులో లేదు. అడుగుగొట్టములో గడ్డి చుట్టుకొన్నదో, రెక్కలచక్రపు అంచు అరిగినదో చూచుకొనవలెను.

కార్బురేటరుపై కనబడు రెండు స్క్రూలనుగూర్చి ఒక మాట. అవి వెలుపల నుండుటచేతనే ఎల్లవారికిని చేయి దురద పెట్టును. నిన్నటివఱకు నడచిన బండి నేడు చెడిన, స్క్రూ తనంతట తిరిగియుండదు గదా. మఱి దానిని త్రిప్పుటయేల? జల్లెడ మూసికొని యుండగా స్క్రూ త్రిప్పి పెట్రోలు పెంచినచో నాలుగుదినములు మెఱుగుపడినట్లుండును. లోపము లోపలనే పెరుగును. అంతా శుభ్రమైన పిమ్మట, పుస్తకమున చెప్పిన చుట్లకు స్క్రూలను నిలిపి, కొలిక్కి రానిచో అప్పుడు కొంచెము కొంచెముగా పెట్రోలు ఎక్కువైన ప్రక్కనుండియే సరిచూచుకొనవలెను. పెట్రోలు కొంచె మెక్కువైన ప్లగ్గు నల్లబడును, తక్కువైన పిస్టను పోవును. ఏది చౌకయో మీరే చెప్పుడు.

పెట్రోలే చెడియుండుటయు కలదు. అమెరికాలో సామాన్యముగా అమ్మెడి పెట్రోలులో నూటికి పదిపాళ్ళ వఱకు ఇథనాలు, అనగా సారాయి జాతి ద్రవము, కలిసియుండును. మన దేశమున 2025 నాటికి అది ఇరువదిపాళ్ళకు చేరినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. పీల్చినది మితిమీరిన పెట్రోలునుండి విడిపోయి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజను పీల్చునది అడుగునుండియే గదా! పాతరబ్బరునకును అది పడదు. కావున నెలలతరబడి నిలువయున్న పెట్రోలును పాఱబోసి (భూమిపై కాదు, తగినచోట నప్పగించి) క్రొత్తది పోసి చూడకుండ ఏమియు విప్పరాదు. మన యిండ్లలో మూలబడియున్న పాతస్కూటర్లకును ఇదే మాట వర్తించును. ఆయిలు పాలు సామాన్యముగా 50 పాళ్ళ పెట్రోలునకు ఒకటి. అయినను ఆ బండి పుస్తకమున నున్నదే ప్రమాణము.

ఒడ్డున బండిని పరీక్షించునపుడు తోటగొట్టముతో చల్లని నీరు అందింతురు. ఇందు వరుస తప్పిన ఇంజను పోవును. ముందు ఇంజను స్టార్టుచేసి, పిమ్మట నీరు వదలవలెను. ఆపునపుడు ముందు నీరు కట్టి, పిమ్మట ఇంజను ఆపవలెను. ఆగియున్న యింజనుకు నీరు వదలినచో అది పొగగొట్టము నిండి సిలిండరులోనికి దిగును. నీరు నలుగదు కనుక, అట్టి స్థితిలో మీట నొక్కిన కడ్డీ వంగిపోవును. నీరు లేకుండ ఇరువది, ముప్పది సెకనులకు మించి నడపరాదు. సరస్సులో బోర్లపడిన బండిని ఏ ప్రక్కకు త్రిప్పవలెనో వెనుక అంటించిన కాగితముపై వ్రాసియుండును. అవతలిప్రక్కకు త్రిప్పిన పొగగొట్టములోని నీరు ఇంజనులోనికి పోవును. పోయినచో ప్లగ్గులు తీసి, తీగలను లోహమునకు తగిలించి, నీరంతయు చిమ్మువఱకు త్రిప్పి, ఆనాడే ఆయిలు వేసి నడపవలెను. ఒక రాత్రి నిలిపిన బేరింగులు త్రుప్పు పట్టును.

మా బండి స్టార్టయిన దినమున మా కుఱ్ఱవాడు వెంటనే సరస్సులోనికి దింపుదమనెను. నేను రెండు గంటలసేపు ఒడ్డునకు దగ్గరగా, సగము రేసు మించకుండ, ఆపియాపి నడిపించితిని. క్రొత్త పిస్టను గోడతో స్నేహపడవలెను గదా. తరువాత ప్లగ్గులు తీసి చూచితిమి. రెండును ఇటుకపొడి రంగుననే యుండెను. ఆ ప్లగ్గులను పిల్లవానిచేతి కిచ్చితిని. వాడు రెంటిని ప్రక్కప్రక్కన పట్టుకొని చాలసేపు చూచి, పాతగొట్టపు ముక్క ఏదని అడిగి తీసికొని, తన బల్ల సొరుగులో దాచుకొనెను. ఆనాడు మాత్రము వాడు బండి యెక్కలేదు. మఱుసటి ఆదివారమున, తండ్రి సీటు తీసి గాలి ఆడనిచ్చుచుండగా, తానే తేలుడుచొక్కా తొడిగికొని వచ్చి ఒడ్డున నిలుచున్నాడు.